మోటరు ఆన్ చేయు విధానము

ఇబ్రహీంపట్నం,
ఆగస్టు 18.

పూజ్యురాలు, బడంగ్‌పేట్ వాస్తవ్యురాలు, ఒకప్పుడు నా చెవి మెలిపెట్టి ఎక్కాలు నేర్పిన త్రివేణి అక్కకు, తమ్ముడు పరమేష్ సాష్టాంగపడి వ్రాయునది.

ఉత్తరం చూసి భయపడకు. ఇక్కడ బాపు, అమ్మ, రెండు బర్లు, అందరు క్షేమం. క్షేమం లేనిది నేనొక్కన్నే.

ఫోను చేతుల పెట్టుకొని, ఇరవై కిలోమీటర్ల దూరంల ఉన్న అక్కకు పోస్టుల ఉత్తరమేందిరా అని అడుగుతవ్ కద. చెప్త. నా బీటెక్ మొత్తం పాసైంది, ఒక్క టెక్నికల్ రైటింగ్ తప్ప. కొంగరకలాన్ ఫ్యాక్టరీ వాళ్లు ఇంటర్వ్యూల తీసుకున్నరు. జనవరిల చేరాలె. డిసెంబర్ ఆఖరుకు పాసైన మెమో చూపియ్యకపోతే ఆ కుర్చీల ఇంకొకడు కూసుంటడు. నేను యాచారంల ఇస్తారి మామ కోళ్ల ఫారంల చేరాలె. బాపు ఆల్రెడీ మాట్లాడి పెట్టిండు. అక్కా, నాకు కోడి అంటే ప్లేట్ల ఉన్నప్పుడే ధైర్యం. ఐదు వేల కోళ్లు ఒక్కసారే నా దిక్కు మెడ తిప్పి చూస్తే ఏంగాను?

ఈసారి వినోద్ కుమార్ సార్ పరీక్ష తీరు మార్చిండు. ఏదన్న ఒక పని ఎట్ల చెయ్యాలెనో కాగితం మీద రాయాలె. మనల్ని చూడని మనిషి, అదీ వేరే దేశం మనిషి, ఆ కాగితం ఒక్కటే పట్టుకొని పని చెయ్యాలె. అవతలి మనిషికి అర్థమైతే ఇరవై ఐదు మార్కులు. అవతలి మనిషి లోకం మనకు అర్థమైందని తేలితే ఇంకో ఇరవై ఐదు. రెండోదాని పేరు గ్లోబల్ అవేర్‌నెస్. మొత్తం మీద ఇరవై వస్తే పాస్. అవకాశాలు మూడే. ఫోన్లు నిషేధం. "ఫోన్ల అయితే గదిరా, గట్ల కాదు గిట్ల అని పని గడిపేస్తరు. కాగితానికి వేలు లేదు చూపియ్యనీకె" అన్నడు సార్. రాసుకున్న ఉత్తరాలన్నీ పోస్టు ముద్రతో సహా ఫైలుల పెట్టాలె.

వేరే దేశమోడు నాకెక్కడ దొరుకుతడని మూడు రోజులు అన్నం సగమే తిన్న. అప్పుడు యాదికొచ్చింది. మీ అపార్ట్‌మెంట్‌ల కొత్తగ చేరిన వాచ్‌మన్ ఖగేంద్రది నేపాల్! అంతర్జాతీయం మీ గేటు కాడ స్టూలు ఏసుకొని కూసుంటే నేను ఊరంతా తిరిగిన. సార్ పటం తెప్పించుకొని చూసి, గీత దాటి ఉన్నది కాబట్టి చెల్లుతది అన్నడు.

సంపుల నుంచి ట్యాంకుకు నీళ్లెక్కించే మోటర్ మీద రాసిన. ఎనిమిది పేజీలు ఇందులనే ఉన్నయి. నువ్వు రాసింది రాసినట్టు హిందీల చదివి వినిపియ్యాలె. సొంత తెలివి చిటికెడు కూడ కలుపొద్దు. అతను పని చేసేటప్పుడు పక్కన నిలబడొద్దు. ఇవి సార్ పెట్టిన రూళ్లు, నా మీద కోపం పెట్టుకోకు.

ఇట్లు,
కోళ్లకు ఆమడ దూరంల బతకగోరు
పరమేష్


బడంగ్‌పేట్,
ఆగస్టు 29.

తమ్మీ,

ఉత్తరం అందింది. పోస్టుమన్ పైకొచ్చి "అమ్మా, మంచి కబురేనా?" అని అడిగిండు. అడిగేసరికి మా అత్త విప్పకముందే ఏడ్వబట్టింది. ఆమెను ఊకుంచేసరికి పప్పు మాడింది. మీ బావ అయితే "నేను కండక్టర్‌ను. దినాం నాలుగుసార్లు ఇబ్రహీంపట్నం బస్టాండుల దిగి చాయ్ తాగుత. నా చేతుల పెడితే సరిపోదా?" అంటున్నడు. సరిపోదట, ముద్ర కావాల్నట అని చెప్పిన. టికెట్ మెషిన్ల ముద్ర కొట్టిస్త అంటున్నడు.

నీ అదృష్టం, మాకు కూడ గసొంటి కాగితం కావాల్సొచ్చింది. మోటర్ ఇన్నొద్దులు మా ప్రెసిడెంట్ బుగ్గయ్య సారే ఏస్తున్నడు. ఇంకొకల్ని ముట్టనియ్యడు. రిటైరైన సూపరింటెండెంటు కద, వాచ్‌మన్‌కు అప్పగించాలంటే రాతపూర్వక విధానం ఉండాలె అంటడు. నీ సంగతి చెప్తే సరే అన్నడు.

ఇగ నీ ఎనిమిది పేజీలు. "నీరు, మానవ నాగరికత: ఒక పరిచయము" అని మొదలు పెట్టినవ్. ఖగేంద్ర గేటు కాడ చేతులు కట్టుకొని వినుకుంట నిలబడ్డడు. రెండో పేజీకి చెప్పులు విడిచిండు. మూడో పేజీల నేను "ఓ జలమా" అనంగనే దండం పెట్టి, "దీదీ, కొబ్బరికాయ ఎప్పుడు కొట్టాలె?" అని అడిగిండు. పూజ అనుకున్నడు పాపం. ఆరో పేజీ దాకా మోటర్ అనే మాటే లేదు. అది సెల్లార్ల ఉన్నదని ఆఖరి పేజీల కూడ లేదు.

నువ్వు ఉత్తరంల పెట్టి పంపిన మార్కుల కాగితంల, అర్థమైంది అన్నకాడ ఖగేంద్రతోని రెండు మార్కులు వేయించిన. అది కూడ దస్తూరికి.

నీ అక్క,
త్రివేణి


ఇబ్రహీంపట్నం,
సెప్టెంబర్ 9.

కఠిన హృదయురాలైన అక్కకు,

"ఓ జలమా" అనేది నేను కన్నీళ్లు పెట్టుకొని రాసిన వాక్యం. పోనీ. లోకం నన్ను అర్థం చేసుకునే రోజు ఒకటి వస్తది, అది డిసెంబర్ లోపల వస్తే చాలు.

రెండో విధానం పంపుతున్న. ఒక్కటే పేజీ. సెల్లార్ అని రాసిన, నువ్వు సంతోషపడు. కని దీని అసలు బలం గ్లోబల్ అవేర్‌నెస్. నేపాల్ మీద రెండు గంటలు అధ్యయనం చేసిన. (ఒక గంట క్రికెట్ చూసిన, అది కూడ నేపాల్ మ్యాచే.) ఖగేంద్ర తన దేశంలనే ఉన్నట్టు అనిపించాలని జాగ్రత్తగ రాసిన. మచ్చుకు:

"రెండవది: మోటరు నెత్తిన ఉన్న మూత విప్పి ఒక మగ్గు నీళ్లు పోయవలెను. ఇక్కడ మంచును కరిగించి పోయవలసిన అవసరము లేదు."

"నాలుగవది: గేటు వాల్వును పర్వతారోహకుని పట్టుదలతో తిప్పవలెను."

ఇరవై ఐదుకు ఇరవై ఐదు ఖాయం. ఫ్యాక్టరీకి ఏసుకొని పోనీకె అమ్మ బూట్లు కొనిపెట్టింది. బాపు మాత్రం కోళ్ల ఫారంకు గవే బూట్లు పనికొస్తయి అంటున్నడు. ఆ మనిషికి నా మీద ఉన్న నమ్మకం చూడు.

ఇట్లు,
హిమాలయమంత ఆశతో
పరమేష్


బడంగ్‌పేట్,
సెప్టెంబర్ 21.

తమ్మీ,

ఖగేంద్రది ఝాపా. నేపాల్ కింది అంచుల, తరాయి మైదానంల ఉంటదట. వరి, టీ తోటలు, మన దిక్కు లెక్కనే ఎండ. మంచు గురించి చదవంగనే నవ్వుకుంట వాళ్లింటామె మనమాయను పిలిచిండు. ఆమె పక్క బిల్డింగు వాళ్లను పిలిచింది. నాతోని మూడుసార్లు చదివిచ్చిన్రు. "దీదీ, మేము మంచును ఫ్రిజ్జుల చూసినం. అది కూడ బడంగ్‌పేట్ వచ్చినంక" అన్నడు.

గ్లోబల్ అవేర్‌నెస్ సున్న.

నవ్వులయినంక కూసొని మంచిగ మాట్లాడిండు. వాళ్లింట్ల హ్యాండ్ పంపు. చిన్నప్పటి సంది అదే కొట్టిండట, మోటర్ ఎన్నడు ముట్టలేదట. "మా దగ్గర చెయ్యి ఆగితే నీళ్లు ఆగుతయి దీదీ, ఇక్కడ ఎట్లనో" అన్నడు. నువ్వు మంచు కొండలెక్కుడు మాని ఈ ముచ్చట జర మనసుల పెట్టుకో. ఇంకొక్కటే అవకాశం ఉన్నది.

మనమాయ నీకు టీ పొడి పొట్లం ఇచ్చింది. పోస్టుల ఎందుకని బావ చేతికిచ్చి పంపుతున్న. దానికి ముద్ర అక్కర్లేదు కద?

త్రివేణి


ఇబ్రహీంపట్నం,
అక్టోబర్ 20.

అక్కా,

టీ బాగున్నది. హ్యాండ్ పంపు ముచ్చట చదివి మేమందరం మస్తు నవ్వినం. ఖగేంద్రకు నా దండాలు చెప్పు.

నెల రోజులు తపస్సు చేసిన. ఒక్క అలంకారం లేదు, ఒక్క కొండ లేదు. చదువుకో:

"మోటరు ఆన్ చేయు విధానము.
1. మెట్లు దిగి సెల్లార్‌లోకి వెళ్లుము. ఎడమ గోడకు ఇనుప డబ్బా, దాని కింద మోటరు ఉండును.
2. మోటరు మీది మూత విప్పుము.
3. ఒక మగ్గు నీళ్లు పోసి మూత బిగించుము.
4. పక్కనున్న వాల్వును ఎడమకు పూర్తిగా తిప్పుము.
5. డబ్బాలోని ఆకుపచ్చ బటన్ నొక్కుము.
6. మోటరు మొదలైనది. అభినందనలు. ఇక మీరు పక్కకు జరగవచ్చును."

కంట తడి పెట్టించే సరళత. నీకు తెల్వదు గని, అభినందనలు అనే మాట కాడ ఒక పూట ఆలోచించిన. మనిషి పరాయి దేశంల ఒక్కడే సెల్లార్ల నిలబడి ఉంటడు కద, ఎవరన్న ఒక మంచి మాట అనాలె.

ఆఖరి అవకాశం అక్కా. జర మంచి రోజు చూసి చదువు.

పరమేష్


బడంగ్‌పేట్,
నవంబర్ 3.

ఓరి పరమేష్,

మంచి రోజని ఆదివారం పొద్దున చూసిన.

ఆదివారం పొద్దున ఆరున్నరకు మా టెర్రస్ మీద యోగా ఉంటది. నేర్పేది బుగ్గయ్య సార్. అందుకే ఆ రోజు మోటర్ తాళంచెవి మొదటిసారి ఖగేంద్ర చేతికిచ్చి, "కాగితంల ఉన్నట్టే చెయ్యి, ఎక్కువ చెయ్యకు, తక్కువ చెయ్యకు" అని చెప్పి పైకి పోయిండు. నేను చదివి వినిపించిన. ఆరోది అయినంక ఏడోది ఉంటదని కాగితం తిప్పిన. వెనక తెల్లగున్నది. రూల్ అంటే రూల్ అనుకొని ఇంట్లకొచ్చి పాలు పొయ్యి మీద పెట్టిన.

ఖగేంద్ర ఒక్క తప్పు చెయ్యలే. మోటర్ మొదలైంది. నువ్వు రాసినట్టే పక్కకు జరిగిండు. జరిగి, చేతులు కట్టుకొని, నిలబడ్డడు.

పైన పది మందిని శవాసనంల పండుకోబెట్టిండు సార్. "ఏం జరిగినా కండ్లు తెరవొద్దు, నేను లేవుమనేదాక లేవొద్దు" అన్నడట. ట్యాంకు నిండింది. నిండి పొర్లింది. నీళ్లు చాపల కిందికొచ్చినయి. ఎవ్వరు కండ్లు తెరువలే. మూడో అంతస్తు నీలమ్మకు నడుము చల్లగయ్యింది, యోగా పని చేస్తున్నదని సంబురపడిందట. ఒకాయన చాప మీదనే జరుగుకుంట నీళ్లు పోయే మోరీ దాక పోయిండు. కండ్లు మూసుకునే పోయిండు. ఆఖరుకు నీళ్లు మెట్ల మీదికెళ్లి మా గడప దాటంగ నేను ఉరికి ఎర్ర బటన్ నొక్కిన.

ఖగేంద్ర ఏమన్నడో తెలుసా? "దీదీ, ఇదే ఆపుతదేమో అని చూస్తున్న. పట్నం మిషిన్ కద."

బుగ్గయ్య సార్ తడిసిన బనీను పిండుకుంట వాచ్‌మన్‌ను తీసేస్త అన్నడు. ముప్పైనాడు కమిటీ మీటింగ్.

త్రివేణి


ఇబ్రహీంపట్నం,
నవంబర్ 9.

అక్కా,

చదివి నా కాళ్లు చల్లబడ్డయి, నీళ్లు ఇక్కడి దాక వచ్చినట్టు. అయినా ఒక దారి ఉన్నది, నెమ్మదిగ విను. మార్కుల కాగితం ఆఖర్ల ఒక ప్రశ్న ఉంటది: "పని చెడినచో తప్పు ఎవరిది? రాసిన వారిదా, చదివిన వారిదా?" రాసిన వారిది అంటే మూడో అవకాశం పోయినట్టే, నేను ఫెయిల్. చదివిన వారిది అని టిక్కు పెట్టి ఖగేంద్రతోని సంతకం చేయించు. ఆయన ఉద్యోగం ఎట్లాగూ పోతున్నది కద. పోయే రైలుకు ఇంకో డబ్బా తగిలిస్తే ఏమైతది?

ఇస్తారి మామ నిన్న వచ్చి నా బూట్ల సైజు అడిగి పోయిండు.

పరమేష్


బడంగ్‌పేట్,
నవంబర్ 15.

పరమేష్,

నువ్వు చెప్పకముందే ఖగేంద్ర ఆ మాట అన్నడు. "నాదే తప్పని రాయండి దీదీ, భయ్యా పాసైతడు" అన్నడు. కాగితం ఖాళీగుండంగనే సంతకం పెట్టి ఇచ్చిండు. అది ఇందుల పెట్టిన. టిక్కు ఎక్కడ పెట్టుకుంటవో నువ్వే పెట్టుకో.

మనమాయ గిన్నెలు మూట కడుతున్నది. పిల్లను ఇక్కడి బడిల మొన్ననే ఏసిన్రు.

నా తప్పు కూడ ఉన్నది. ఏడోది లేదని నాకు అక్కడ్నే తెలిసింది. రూల్ అని ఊరికే అన్న. నీ ముఖం ఎట్లయితదో చూద్దామని నోరు మూసుకున్న, తమాషకు.

ఒక్కటి అడుగుత. ఇంజనీరువు కద, మోటర్ బంద్ చేసుడు ఎట్ల మరిచినవ్ రా?

త్రివేణి


ఇబ్రహీంపట్నం,
నవంబర్ 21.

అక్కా,

ఇది బుగ్గయ్య సార్‌కు ఇయ్యి. చదివి వినిపియ్యనక్కర్లేదు, తెలుగే.

"బుగ్గయ్య సార్‌కు, త్రివేణి తమ్ముడు పరమేష్ రాసేది.

ఖగేంద్ర ఆరు పనులు రాసినట్టే చేసిండు. ఏడోది నేను రాయలే. తప్పు నాది.

ఎందుకు రాయలేదో మూడు రోజులు ఆలోచించిన. మా పొలంల మోటర్‌కు ఆటో స్టార్టర్ ఉన్నది. కరెంటు వస్తే అదే మొదలైతది, పోతే అదే ఆగుతది. నాకు ఇరవై రెండేండ్లు. మా బాపు మోటర్‌ను చేతితోని బంద్ చేసుడు ఒక్కనాడు చూడలే. మోటర్ ఆపుడు మనుషుల పని అని నాకు తట్టనే లేదు.

ఖగేంద్రకు హ్యాండ్ పంపు తెలుసు. చెయ్యి ఆగితే ఆగుతది. ఆ సంగతి మా అక్క సెప్టెంబర్లనే రాసింది. నేను నవ్వి పక్కకు పెట్టిన.

కాగితంల ఇది కలుపుండ్రి: 7. ____ నిమిషాలకు ఎర్ర బటన్ నొక్కాలె. ఎన్ని నిమిషాలో నాకు తెల్వదు. మీకు తెలుసు. మీరే నింపుండ్రి.

ఖగేంద్రను తీసెయ్యకుండ్రి. మీ బనీనుకు, మిగతా పది మంది బట్టలకు క్షమాపణ."

టిక్కు రాసిన వారిది అన్నకాడ పెట్టి, ఫైలు వినోద్ కుమార్ సార్‌కు ఇచ్చిన. ఈ ఉత్తరం నకలు కూడ పెట్టిన. ఇస్తారి మామకు నా సైజు ఎనిమిది అని చెప్పిన.

పరమేష్


బడంగ్‌పేట్,
డిసెంబర్ 2.

తమ్మీ,

మీటింగ్ అయింది. బుగ్గయ్య సార్ నీ ఉత్తరం నిలబడి చదివిండు. అయినా "క్రమశిక్షణ అనేది ఒకటుంటది, కాగితంల లేకున్నా బుద్ధికి తోచాలె" అని మళ్లీ మొదలుపెట్టిండు.

అప్పుడు నీలమ్మ లేచింది. "సారూ, పండుకోమని చెప్పినవ్. లేవుమని నువ్వెప్పుడు చెప్పినవ్?"

సార్ జవాబు చెప్పకముందే ఆమెనే మళ్ల అందుకున్నది.

"మేము పదిమందిమి నీళ్లల్ల నానుకుంట నీ మాట కోసం చూసినం. నువ్వేమో పక్క చాప మీద గురక పెట్టినవ్. ఆ పిలగాడు మోటర్ ఆపుమని రాయలే, నువ్వు మమ్మల్ని లేపుడు మరిచినవ్. మరి నిన్ను కూడ తీసేద్దామా?"

మోరీ దాక పోయినాయన చప్పట్లు కొట్టిండు. ఆ తర్వాత ఎర్ర బటన్ ఎక్కడున్నదో సార్ కాక ఇంకెవరికెరుక అని నేను అడిగిన. పద్నాలుగు ఫ్లాట్లల ఒక్క చెయ్యి లేవలే.

ఖగేంద్ర ఉన్నడు. ఖాళీల బుగ్గయ్య సార్ ఎర్ర పెన్నుతోని "28" అని రాసి సంతకం, తేదీ, ముద్ర ఏసిండు. కింద తనే ఇంకొకటి కలిపిండు: "8. యోగా జరుగుచుండగా మోటరు వేయరాదు." మనమాయ గిన్నెలు మళ్ల విప్పింది.

నీ సంగతి ఏమైంది? బావ నీ బూట్ల ఫికర్ల ఉన్నడు.

అక్క


ఇబ్రహీంపట్నం,
డిసెంబర్ 23.

నా గండం గడిపిన నీలమ్మకు, తర్వాత నా అక్కకు నమస్కరించి వ్రాయునది.

వినోద్ కుమార్ సార్ పిలిచిండు. ఫైలు మొత్తం చదివిండు. నువ్వు తిట్టినకాడల్లా పచ్చ పెన్నుతోని టిక్కులు పెట్టుకున్నడు. మంచు వాక్యం చుట్టూ మూడు సున్నలు చుట్టిండు. మూడు విధానాలకు కలిపి నాలుగు మార్కులు.

"టిక్కు చూస్తే నువ్వు ఫెయిలే" అన్నడు. నేను బూట్ల దిక్కు చూసుకున్న.

తర్వాత బుగ్గయ్య సార్‌కు రాసిన ఉత్తరం తీసిండు. "ఇది చదివి అవతలి మనిషి ఏం చేసిండు?"

"ఇరవై ఎనిమిది అని నింపిండు సార్. వాచ్‌మన్‌ను ఉంచిండు."

"మరి ఇది విధానమే కద" అని పదహారు ఏసిండు.

నాలుగు, పదహారు, ఇరవై. జనవరి ఐదున కొంగరకలాన్. నీ సెప్టెంబర్ ఉత్తరానికి ఆయన వేరేగ నలభై ఒకటి ఏసిండు, నువ్వు ఏ కాలేజీ అని అడిగిండు. ఇంటర్ దాకనే అన్న. ఈ కోర్సుకు వస్తదా అడుగు అన్నడు. అడుగుతున్న.

ఇగ నిన్నటి ముచ్చట. పొలం కాడికి పోయిన. మోటర్ నడుస్తున్నది. నారుమడి నిండి నీళ్లు బాటెంబడి పోతున్నయి, ఎప్పటిలాగే. డబ్బా తెరిచిన. లోపల తుప్పు పట్టి ఒక ఎర్ర బటన్ ఉన్నది అక్కా. మనం పుట్టకముందు సంది ఉన్నట్టున్నది. నొక్కిన. మోటర్ ఆగింది. గంత నిశ్శబ్దం మన పొలంల నేనెప్పుడు వినలే.

పది నిమిషాలకు గట్టు మీదికెళ్లి బాపు ఉరుక్కుంట వచ్చిండు, చెవి కాడ ఫోను.

"కరెంటు పోయింది సారూ!" అని లైన్‌మన్‌ను తిడుతున్నడు. "పొద్దుగాల్నే తీసేస్తే రైతు ఏం గావాలె?"

"బాపూ, కరెంటు ఉన్నది. నేనే బంద్ చేసిన."

బాపు ఫోను కిందికి దించిండు. నా దిక్కు చూసిండు, డబ్బా దిక్కు చూసిండు, మళ్లా నా దిక్కు చూసిండు.

"బంద్ చేసినవా? ఎట్ల చేసినవ్ రా?"

ఇట్లు,
విధానము రాయుటకు కూర్చున్న
పరమేష్